సామాన్లు సర్దాలా, ట్రిప్పుకెళ్లాలా?

ప్రశ్న: వచ్చేవారం ఇల్లు మారుతున్నామండీ, ఈ వీకెండ్ ఇద్దరం ఎటైనా వెళ్లొద్దాం అంటున్నారు మావారు, నాకేమో నేను చేసిన పెయింటింగులు, మట్టిబొమ్మలు, క్యాండిల్స్ ఎలా సర్దాలా అని టెన్షన్.

జవాబు: హాయిగా వెళ్లిరండి! అసలు ఆ రెండ్రోజులు మీ పెయింటింగులకీ కావాలి, ఎందుకంటే అక్రిలిక్ రంగు పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల పచ్చిగా ఉంటే చుట్టిన కవర్‌కి అతుక్కుని ఊడొచ్చేస్తుంది, అందుకే గాలి తగిలేలా పరిచి వెళ్లండి. వచ్చాక ముందు బటర్ పేపర్, ఆపైనే బబుల్ ర్యాప్, అదీ బుడగలు బయటివైపుకి, లేదంటే గుండ్రటి మచ్చలు పడతాయి. ఫ్రేములు పడుకోబెట్టకండి, నిలబెట్టండి. బొమ్మలకి పాత బట్టలు చాలు. క్యాండిల్స్ మాత్రం లారీ ఎక్కించొద్దు, ఎండలో మూసిన బండిలో మైనం మెత్తబడి వంకరపోతుంది, మీతోనే పట్టుకెళ్లండి. మీరు సగం చేసి వదిలేసిన పెయింటింగులు, బొమ్మల్లాంటివి ఉంటాయి చూడండి, అవి మొహమాటపడకుండా పారేయండి.