చలికాలం బీరువా తెరిస్తే ఏడుపొస్తోంది, కొత్త బట్టలు కొంటే దండగేనా?

ప్రశ్న: చలికాలం మొదలైతే చాలు, నాకు ఏ పనీ చేయబుద్ధి కాదు. బీరువా తెరిస్తే అన్నీ నలుపూ బూడిద రంగే. ఇంట్లోంచే ఉద్యోగం కాబట్టి ఒకే హుడీ, ఒకే పైజామా మూడ్నాలుగు రోజులు లాగించేస్తున్నా. ఈసారి మంచి రంగుల్లో నాలుగు జతలు కొనుక్కుంటానంటే మా ఆయన "బట్టలు మారిస్తే మూడ్ మారుతుందా, దండగ ఖర్చు" అని నవ్వేశారు. నిజంగా దండగేనా మేడమ్?

జవాబు: మీ ఆయన అన్నదాంట్లో సగం నిజముందండీ, కానీ నవ్వేసేంత చిన్న విషయమైతే కాదు. పగలు తగ్గిపోయే రోజుల్లో కొందరికి మనసు దిగులుగా, ఒళ్ళు బరువుగా అయిపోతుందని డాక్టర్లే ఒప్పుకున్నారు, నార్మన్ రోసెంథాల్ అనే సైకియాట్రిస్టూ ఆయన టీమూ 1984లో దీనికి "సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్" అని పేరు పెట్టి మరీ రాశారు. అసలు సమస్య వెలుతురు. ఇంట్లో లైట్లన్నీ వేసుకున్నా మన కంటికి అందేది మహా అయితే కొన్ని వందల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క), అదే మబ్బు పట్టిన రోజైనా పగటిపూట బయట నిలబడితే వెయ్యి దాటుతుంది, చాలాసార్లు అంతకు ఎన్నో రెట్లుంటుంది. అందుకే బీరువాని చూసే పద్ధతి మార్చండి. ఏ రంగు కొంటే సంతోషమొస్తుందని కాదు, ఏం వేసుకుంటే పొద్దున పూట ఓ అరగంట బయటికి వెళ్ళగలను అని చూడండి.

ఇప్పుడు మీరు బయటికి ఎందుకు వెళ్ళట్లేదో ఒక్క పొద్దున గమనించండి. బద్ధకం అని మీరు మిమ్మల్నే తిట్టుకుంటారు గానీ, చాలామందికి అడ్డుపడేది ఐసులా ఉన్న జీన్స్‌లో కాలు పెట్టాలన్న తలంపు, జతలో ఒకటే దొరికే గ్లౌజు, మెడ దగ్గర గుచ్చుకునే స్వెటరు, ఇంకా పూర్తిగా ఆరని సాక్సులు. ఇవి చెప్పుకోడానికి కూడా సిల్లీగా ఉంటాయి, అందుకే ఎవరూ బాగు చేసుకోరు. మీ డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

ఒంటికి తగిలే పొర ముఖ్యం. కాటన్ చెమటని పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, కాసేపు నడిచి ఆగామంటే ఇక వణుకే. మెరినో అనే జాతి గొర్రెల సన్నటి ఉన్నితో చేసిన బనియనో, మంచి థర్మల్సో ఉంటే ఆ బాధ ఉండదు, ఉన్ని అయితే తన బరువులో దాదాపు మూడో వంతు తేమ లాక్కున్నా తడిగా అనిపించదు. ఉన్ని అంటే దురద అనేవాళ్ళకి తగిలింది లావు పోగు ఉన్నే అయ్యుంటుంది, 30 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాటిన పోగు చర్మాన్ని పొడుస్తుంది, మెరినో అందులో సగం పైచిలుకే ఉంటుంది కాబట్టి మెత్తగా ఉంటుంది. దాని మీద ఒక స్వెటరు, ఆ పైన గాలి దూరని కోటు. వెచ్చదనాన్ని పట్టి ఉంచేది పొరల మధ్య చిక్కుకున్న గాలే కాబట్టి బిగుతుగా కొనకండి, ముఖ్యంగా బూట్లు, లావు సాక్స్ తొడుక్కుని వేసి చూడకుండా అస్సలు తీసుకోవద్దు.

ఇక రంగులు. బట్టలు మన ఆలోచనని మారుస్తాయని 2012లో ఒక పరిశోధన వచ్చి బాగా పేరు తెచ్చుకుంది, కానీ తర్వాత వేరేవాళ్ళు అదే ప్రయోగం చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి పసుపు వేసుకుంటే దిగులు పోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. అలాగని రంగులు వద్దనట్లేదు. మీకు నచ్చిన రంగు మీకు కనపడేచోట ఉండాలి, అంతే. కోటు నల్లగా ఉంటే ఉండనివ్వండి, దాన్ని బయట ఎదుటివాళ్ళే కదా చూసేది. మీ కళ్ళకి రోజంతా కనపడేవి మీ చేతులు, కంప్యూటర్ ముందు కూర్చున్నంతసేపూ మీ స్వెటరు చేతులే చూస్తుంటారు, ఆ చేతులు నెమలికంఠమో, ఇటిక రంగో, కనకాంబరమో అయితే ఆ తేడా మీకే తెలుస్తుంది. అద్దంలో కనపడేది స్కార్ఫ్, అది మొహానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి మీకు నప్పే రంగు చూసుకోండి. నాలుగు జతలు అక్కర్లేదు, రెండు స్వెటర్లు, ఒక స్కార్ఫ్, నాలుగు జతల మంచి సాక్స్ చాలు.

ఆ హుడీ సంగతి. దాన్ని పారేయమనను, ఆదివారం మధ్యాహ్నానికి అలాంటిది ఒకటి ఉండాల్సిందే. కానీ పడుకున్న బట్టల్లోనే పని మొదలుపెట్టకండి, ఎందుకంటే పైజామాలో ఉన్న మనిషి వీధి చివరిదాకా కూడా వెళ్ళదు. రాత్రే రేపటి బట్టలు, లోపలివి, సాక్సులు, గ్లౌజులతో సహా కుర్చీ మీద పెట్టేయండి, హీటర్ ఉంటే దాని దగ్గర్లో పెట్టండి గానీ మీద మాత్రం వేయకండి. పొద్దున్న మంచం దిగినప్పుడు ఏం వేసుకోవాలా అని ఆలోచించే ఓపిక మీకుండదు, అప్పుడు బీరువా తలుపు తీసే పనే ఉండకూడదు. ఉండలు కట్టి, సాగిపోయి, "ఇంట్లోకే కదా" అని దాచుకున్నవి మాత్రం ఈ వారమే తీసేయండి, మీకు బీరువా తెరిస్తే ఏడుపొచ్చేది వాటి వల్లే అని నా అనుమానం.

ఒకటి గట్టిగా చెప్తా. స్నానం, బట్టలు మార్చుకోవడం కూడా భారమైపోవడం, రోజంతా నిద్ర, దేనిమీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటి సాగుతుంటే అది బీరువా సమస్య కాదు, డాక్టర్‌ని కలవండి. బతకాలని లేదనిపిస్తే మాత్రం రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఇంట్లో చెప్పండి, ఆ రోజే వెళ్ళండి. పొద్దున పూట 10,000 లక్స్ లైట్ ముందు ఓ అరగంట కూర్చోవడం అనే చికిత్స ఉంది, మాటలతో చేసే థెరపీ, మందులూ ఉన్నాయి. లైట్ మాత్రం ఆన్‌లైన్లో చూసి సొంతంగా మొదలుపెట్టొద్దు, కంటి జబ్బులున్నవాళ్ళకీ బైపోలార్ (మూడ్ ఒకసారి అతిగా ఎగసి, ఒకసారి బాగా కుంగిపోయే జబ్బు) ఉన్నవాళ్ళకీ అది పడకపోవచ్చు.

మీ ఆయనతో మళ్ళీ మూడ్ గురించి వాదన పెట్టుకోకండి. "పొద్దున్నే నాతో అరగంట నడవడానికి రండి, దానికి నాకు ఇవి కావాలి" అని ఆ చిన్న లిస్టు చేతికివ్వండి. కోటు ఒక్కటీ ఈ ఏడాదికి పాతదే కానిచ్చేసి, చలికాలం అయిపోయాక రేట్లు తగ్గించినప్పుడు కొనుక్కోండి.