చిక్‌పేటలో మ్యాచింగ్, నేషనల్ కాలేజీ దగ్గర మూడు రంగులు

తల నుంచి కాలి దాకా ఒకే రంగు వేసుకుంటే బాగుంటుందా, ఎలా వేసుకోవాలి అని అడిగారు. బాగుంటుంది. కానీ అచ్చంగా ఒకే రంగు కోసం వెతక్కండి. నేను వెతికి చేతులు కాల్చుకున్నాను.

మా ఆఫీసులో నవరాత్రులకి రోజుకో రంగు అని లిస్టు పంపుతారు. మాది విజయవాడ. దసరా అంటే ఈరోజు అమ్మవారు అన్నపూర్ణా, గాయత్రా అని అడుగుతూ పెరిగాం. బెంగళూరు వచ్చాక ‘ఈరోజు గ్రే’ అంటే ఏం చెప్పాలో తెలియలేదు. పండగపూట బూడిద రంగేమిటండీ! ఆ రోజు ఎగ్గొట్టేసి, నెమలికంఠం రంగు రోజుకి మాత్రం గట్టిగా సిద్ధపడ్డాను.

చిక్‌పేటలో ఒక షాపు. మెట్లు దిగి వెళ్లాలి, కిటికీ అన్నది లేదు, నెత్తిమీద వరసగా ఎల్‌ఈడీ లైట్లు. నూలు కుర్తా, లెగ్గింగ్స్, పాలిస్టర్ షిఫాన్ చున్నీ పక్కపక్కన పరిచి చూస్తే ఒకే తానులోంచి కోసినట్టున్నాయి. బిల్లు కట్టి మెట్రో ఎక్కాను. చిక్‌పేట, కేఆర్ మార్కెట్ స్టేషన్లు రెండూ భూమి కిందే. నేషనల్ కాలేజీ వచ్చేముందు రైలు సొరంగంలోంచి పైకి తేలుతుంది కదా, ఆ మిట్టమధ్యాహ్నపు ఎండ సరిగ్గా నా ఒళ్లో కవర్ మీద పడింది. కుర్తా ఆకుపచ్చ. లెగ్గింగ్స్ నీలం. చున్నీ ఎటూ కాదు. పక్కనున్న పెద్దావిడ తొంగిచూసి, మూడు జతలు కొన్నావా అని కన్నడలో అడిగింది.

షాపువాళ్లు వాపసు తీసుకోం అన్నారు. అవే వేసుకెళ్లాను. “మ్యాచింగ్ దొరకలేదా అక్కా?” అంది మా టీమ్‌లో చిన్నమ్మాయి, పాపం జాలిగానే.

షాపువాళ్ల మోసమేం లేదు. నూలుకి పట్టే రంగులు వేరు, పాలిస్టర్‌కి పట్టేవి వేరు. ఒక లైటు కింద కలిసిపోయినవి ఎండలోకి రాగానే విడిపోవచ్చు. అందుకే మ్యాచింగ్ సెంటర్లలో పాతకాలం వాళ్లు జాకెట్టు ముక్కని చీర అంచు మీద వేసి, “గుమ్మం దాకా తీసుకెళ్లి చూసుకోండమ్మా” అనేవారు. మా అమ్మ షాపు మెట్ల మీద నిలబడి పది నిమిషాలు అటూ ఇటూ తిప్పి చూసేది, నాకు తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నాను.

కొంచెం తేడా ఉంటే పొరపాటులా కనిపిస్తుంది. బాగా తేడా ఉంటే కావాలని వేసుకున్నారనుకుంటారు. కాబట్టి కింద ముదురు, పైన లేత వేయండి. ఒకటి గరుకు, ఒకటి నునుపు. మెంతి రంగు మంగళగిరి కుర్తా మీదికి లేత పసుపు పట్టు చున్నీ వేసి చూడండి. మా తాతయ్య గ్లాస్గో పంచె, ఖద్దరు లాల్చీ, భుజాన కండువా, అన్నీ తెల్లవే, ఏ రెండు తెలుపులూ ఒకటి కాదు. ఆయన బజారులో నడిచొస్తుంటే జనం తిరిగి చూసేవారు. దీన్ని స్టైలింగ్ అంటారని ఆయనకెవరూ చెప్పలేదు.

నలుపు మాత్రం జతగానే కొనండి, జతగానే ఉతకండి. పది ఉతుకులు తిన్న నల్ల ప్యాంటు కొత్త నల్ల కుర్తా పక్కన వెలవెలబోతుంది.

ఆ చున్నీ తర్వాత తెల్ల కుర్తా మీదికి బ్రహ్మాండంగా కుదిరింది. లెగ్గింగ్స్ ఇంకా బీరువాలోనే ఉన్నాయి.