టెక్ సందేహాలు: లైబ్రరీ లాగిన్ ఉంది, జీవో మాత్రం దొరకట్లేదు

ఫోన్ వేడెక్కుతోంది, ఏ లాప్‌టాప్ కొనాలి లాంటివి ఈ వారానికి పక్కన పెట్టేశా. డిసర్టేషన్ల సీజన్ కాబోలు, మెయిల్స్‌లో సగం కోర్టు తీర్పులు, జీవోలు, గెజెట్లు ఎక్కడ దొరుకుతాయనే.

ప్రశ్న: విశాఖలో ఎల్‌ఎల్‌ఎం చేస్తున్నా సార్. ఏజెన్సీ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ లోకల్ ఎస్టీలకే అన్న జీవో నంబర్ 3 మీద డిసర్టేషన్ రాస్తున్నా. లైబ్రరీ కంప్యూటర్లో ఎస్‌సీసీ ఆన్‌లైన్ (డబ్బు కట్టి చూసే కోర్టు తీర్పుల సైటు) బానే ఓపెన్ అవుతుంది, హాస్టల్‌కొచ్చి తెరిస్తే డబ్బు కట్టమంటుంది. పోనీ లైబ్రరీలోనే కూర్చుని వెతికినా అసలు జీవో కాపీ అందులో లేదు.

జవాబు: ముందు హాస్టల్ సంగతి. ఇలాంటి సైట్లు ఎక్కువగా క్యాంపస్ నెట్‌వర్క్ ఐపీ అడ్రస్ చూసి లోపలికి పంపిస్తాయి, మీరు రూములో జియో మీద ఉంటే ఆ సైటుకి మీరెవరో తెలీదు. ఫ్రీ వీపీఎన్ వేస్తే అవుతుందా అని చాలామంది అడుగుతారు, అవ్వదు, అది ఎక్కడో సింగపూర్ ఐపీ ఇస్తుంది గానీ మీ కాలేజీది ఇవ్వదుగా. లైబ్రేరియన్‌ని "మనకి రిమోట్ యాక్సెస్ ఉందా" అని అడగండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీల కోసం ఉన్న సంస్థ) వాళ్ళ ఇన్‌ఫెడ్ లాగిన్ ఉండొచ్చు, లేదంటే నిమ్‌బస్, రిమోట్‌ఎక్స్‌ఎస్ లాంటిది ఏదైనా కొని ఉండొచ్చు. చాలా చోట్ల ఉంటుంది, పిల్లలకి ఎవరూ చెప్పరు అంతే. యూజర్‌నేమ్ వచ్చాక సైట్లో మామూలు లాగిన్ బాక్సులో కొట్టకండి, ఇన్‌స్టిట్యూషన్ లాగిన్ అని విడిగా ఉంటుంది, అందులో మీ కాలేజీ పేరు ఎంచుకోవాలి.

ఇక జీవో. ఎస్‌సీసీ, అలాంటిదే మనుపాత్ర ప్రధానంగా తీర్పులు, చట్టాల కోసం, మన సెక్రటేరియట్ జీవోలన్నీ అక్కడ ఉంటాయనుకోవద్దు. పైగా జీవో నంబర్ 3 అని కొడితే ఏదీ తేలదు, ఎందుకంటే ప్రతి డిపార్ట్‌మెంటుకీ ఏటా నంబర్లు మళ్ళీ 1 నుంచి మొదలవుతాయి, అంటే ఒకే ఏడాది బోలెడు మూడో నంబర్ జీవోలు ఉంటాయి. ఎంఎస్ (మాన్యుస్క్రిప్ట్) వరస వేరు, ఆర్‌టీ (రొటీన్) వరస వేరు. మీకు కావల్సింది జీవో ఎంఎస్ నంబర్ 3, సోషల్ వెల్ఫేర్ డిపార్ట్‌మెంట్, తేదీ 10-1-2000. ఈ నాలుగు ముక్కలూ కలిపి రాసుకోండి, ఎక్కడ వెతికినా ఎవరిని అడిగినా ఇవే కావాలి.

ఇక్కడే మీ లైబ్రరీ డేటాబేస్ పనికొస్తుంది, జీవో అందులో లేకపోయినా సరే. ఆ జీవోని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది కదా, ఐదుగురు జడ్జీల బెంచ్, సివిల్ అప్పీల్ 3609/2002. పార్టీ పేరుతో కాకుండా ఈ అప్పీల్ నంబర్‌తో వెతకండి. మన పేర్ల స్పెల్లింగులతో ఎప్పుడూ తంటానే, ఒక్క చౌదరినే ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి, ఒక అక్షరం తేడా పడితే రిజల్ట్స్ సున్నా. తీర్పు తెరిస్తే జీవోలో అసలు ముక్క ఎత్తి రాసి ఉంటుంది, దానికి ముందు 1986 నవంబర్ 5 నాటి జీవో 275 కథ కూడా వస్తుంది, హైకోర్టు ఏమన్నదీ తెలుస్తుంది. అక్కడున్న నంబర్లూ తేదీలూ ఏరుకుని అప్పుడు ప్రభుత్వ సైటుకి వెళ్ళండి.

ఆంధ్రాకి జీవోలు పెట్టే గోయిర్ సైటు ఉంది, తెలంగాణకి దానిది వేరేగా ఉంది. ఆంధ్రా సైట్లో 2021 ఆగస్టు నుంచి జీవోలు పెట్టడం ఆపేశారు, 2024లో మళ్ళీ మొదలెట్టారు, కాబట్టి మధ్య కాలంవి అక్కడ కనిపించకపోతే మీ ఇంటర్నెట్‌ని తిట్టుకోకండి, ఈ-గెజెట్ సైట్లో కూడా చూడండి. 2000 నాటి కాపీ ఎక్కడా తగలకపోతే ఆర్టీఐ పెట్టండి. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. డిపార్ట్‌మెంట్, నంబర్, తేదీ మూడూ కరెక్టుగా రాస్తే "సమాచారం అందుబాటులో లేదు" అని తప్పించుకోవడం వాళ్ళకి కష్టం.

ప్రశ్న: ఇండియన్ కానూన్ సైట్లో తీర్పులన్నీ ఫ్రీగా దొరుకుతున్నాయి కదా, మరి ఎస్‌సీసీ ఎందుకు? ఎస్‌సీసీ పీడీఎఫ్‌లు మా వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవచ్చా?

జవాబు: తీర్పు చదవడానికి అయితే ఇండియన్ కానూన్ చాలు, నేనూ మొదట అదే తెరుస్తా. అక్కడ సెర్చ్‌లో ఒక తమాషా ఉంది, ఆండ్ అని కొడితే మామూలు పదంలా తీసుకుంటుంది, చివర ఇంకో డి తగిలించి అన్నీ క్యాపిటల్స్‌లో ANDD అని కొట్టాలి, అలాగే ORR, NOTT. ఇది తెలీక వేల రిజల్ట్స్ మధ్య కొట్టుకుంటుంటారు. ఎస్‌సీసీకి డబ్బు కట్టేది హెడ్‌నోట్స్ (తీర్పు పైన ఎడిటర్లు రాసే సారాంశం) కోసం, ఆ తీర్పు ఇప్పటికీ నిలబడి ఉందా, తర్వాత ఎవరైనా ఓవర్‌రూల్ చేశారా అన్నది తొందరగా తేల్చుకోడానికి. కోట్ చెయ్యడానికి కాపీ కావాలంటే మాత్రం సుప్రీంకోర్టు వాళ్ళదే ఉంది, 2023 జనవరిలో ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఫ్రీగా పెట్టారు, ఇప్పుడు డిజీ ఎస్‌సీఆర్ అంటున్నారు.

పేజీ నంబర్ల దగ్గర జాగ్రత్త. కేశవానంద భారతి తీర్పే చూడండి, (1973) 4 ఎస్‌సీసీ 225 అన్నా, ఇంకో పబ్లిషర్ వరసలో ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461 అన్నా అదే తీర్పు, కానీ ఒకదాంట్లో పేజీ ఇంకోదాంట్లో కలవదు. ఎస్‌సీసీ నంబర్ రాసి కానూన్‌లో చూసిన పేరా నంబర్ పక్కన పెడితే గైడ్ పట్టేస్తారు.

గ్రూపులో పెట్టడం గురించి: కోర్టు తీర్పు టెక్స్ట్, ఆ కోర్టే వద్దంటే తప్ప, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ అదే చెప్తుంది. కానీ ఎస్‌సీసీ పబ్లిషర్ ఈస్టర్న్ బుక్ కంపెనీ వేసిన కేసులో 2007 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, వాళ్ళ ఎడిటర్లు పేరాలు విడగొట్టి నంబర్లు వెయ్యడం లాంటి పనికి రక్షణ ఉందంది. హెడ్‌నోట్స్ సరేసరి. కాబట్టి గ్రూపుకి డిజీ ఎస్‌సీఆర్ పీడీఎఫ్ పెట్టండి. ఇంకోటి, ఏదో స్క్రిప్ట్ రాసి వందలకొద్దీ ఫైళ్ళు ఒకేసారి లాగేద్దాం అనుకోకండి, అవతలివాళ్ళు కాలేజీ మొత్తం ఐపీని బ్లాక్ చేస్తే పరీక్షల ముందు మీ సీనియర్లు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.

ప్రశ్న: తెలుగు గెజెట్ పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తున్నాయి. వైరస్సా?

జవాబు: కాదు. అను ఫాంట్స్ లాంటి పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసినది, ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే యూనికోడ్ కాదు, అందుకే అందులో కంట్రోల్ ఎఫ్ కొట్టినా దొరకదు. పేజీని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో ఓపెన్ చెయ్యండి, బొమ్మలోంచి తెలుగు చదివి ఇస్తుంది. పీడీఎఫ్‌నే నేరుగా పెడితే ఒక్కోసారి లోపలున్న ఆ పిచ్చి టెక్స్టే తెస్తుంది. ఒత్తులు, అంకెలు మాత్రం ఒరిజినల్ పక్కన పెట్టుకుని చూడాలి, సర్వే నంబర్లో ఒక అంకె మారితే పొలం మారిపోతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్నా అన్నా. హెచ్-1బీకి లక్ష డాలర్లు అన్న ఆర్డర్ మీద గ్రూపుల్లో తలో మాట. అసలు కాగితం ఎక్కడ చూడాలి? మా యూనివర్సిటీ లైబ్రరీలో నెక్సిస్ యూని, హైన్‌ఆన్‌లైన్ ఉన్నాయి.

జవాబు: ఆ ప్రొక్లమేషన్ (అధ్యక్షుడి ప్రకటన) మీద సంతకం 2025 సెప్టెంబర్ 19న, దాని అసలు టెక్స్ట్ ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అమెరికా గెజెట్‌లో అచ్చయింది, వాళ్ళ ప్రభుత్వ గవ్‌ఇన్ఫో సైట్లో ఫ్రీ. ఫెడరల్ రిజిస్టర్ 1936లో మొదలైంది, ఏడాదికో వాల్యూమ్, అంటే ఏడాదిలోంచి 1935 తీసేస్తే వాల్యూమ్ నంబర్, 2025కి 90. ఎవరైనా వేరే వాల్యూమ్ చూపించి 2025 ఆర్డర్ అంటే అక్కడే పట్టుకోవచ్చు. పాత సంచికలకి హైన్‌ఆన్‌లైన్ బాగుంటుంది, అచ్చు పేజీ ఎలా ఉందో అలాగే చూపిస్తుంది. దాని మీద వార్తలూ కేసులూ కావాలంటే నెక్సిస్ యూని.

కానీ ఒక్క ప్రొక్లమేషన్ చదివి భయపడిపోకండి. అదే ఏడాది అక్టోబర్ 20న యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ ఏజెన్సీ) ఇచ్చిన వివరణ వాళ్ళ సైట్లోనే ఉంది, అమెరికాలో ఉండగానే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) నుంచి స్టేటస్ మార్చుకునేవాళ్ళకి ఆ ఫీజు వర్తించదని అందులో ఉంది. ఇలాంటి గైడెన్స్ కాగితాల కోసం లైబ్రరీ డేటాబేస్ కంటే ఏజెన్సీ సైటే ముందు చూడాలి. ఆ తర్వాత రూల్ మారిందేమో చూసుకుని, మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులోనో లాయర్ దగ్గరో అడిగి ముందుకెళ్ళండి.

దీని మీద నడుస్తున్న కోర్టు కేసుల ఫైలింగ్స్ కావాలంటే అమెరికా ఫెడరల్ కోర్టుల సైటు పేసర్‌లో పేజీకి 10 సెంట్లు, ఒక డాక్యుమెంటుకి 3 డాలర్లు దాటదు, మూడు నెలల్లో 30 డాలర్ల లోపు వాడితే అసలు బిల్లే రాదు. అంతకన్నా ముందు కోర్ట్‌లిజనర్ అనే ఫ్రీ సైట్లో చూడండి, వేరేవాళ్ళు అప్పటికే కొని పెట్టిన కాపీ చాలాసార్లు అక్కడ ఉంటుంది.