కత్తి వెన్నుకు టేపు చుట్టి నూరాలా?

ప్రశ్న: మా తాత వరంగల్ మట్టెవాడలో క్షవరవృత్తి చేసేవారు. ఇల్లు సర్దుతుండగా ఆయన అడపంలో (క్షవర సామాను పెట్టుకునే సంచిలో) ఒక పాత మడతకత్తి దొరికింది. దానితో నా గడ్డం నేనే గీసుకోవాలన్న కోరికతో 1000, 4000, 8000 నంబర్ల నూరుడు రాళ్లు (నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు) కొన్నాను. నూరేటప్పుడు వెన్నుకు కరెంటు టేపు చుట్టాలని ఒకరు, చుడితే కత్తి కోణం చెడుతుందని మరొకరు చెప్పారు. కత్తి వెన్నుకు రెండు వైపులా మూడు మిల్లీమీటర్ల వెడల్పున అరిగిన మెరుపు కనిపిస్తున్నది. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: మీకు సలహా ఇచ్చిన ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కాని మీ కత్తిని కొలిచి చూడకుండా ఆ మాట చెప్పడమే పొరపాటు. కొడవలినో కత్తిపీటనో నూరేటప్పుడు కోణాన్ని మన చేయి చూసుకుంటుంది. మంగలికత్తి విషయంలో ఆ పని వెన్నుది. వెన్నూ వాదరా (పదునుండే అంచు) రెండూ రాయికి ఆని ఉండగా కత్తిని నడిపిస్తాం కాబట్టి, వెన్ను ఎంత మందంగా ఉంటే వాదర కోణం అంత పెద్దదవుతుంది. నూరిన ప్రతిసారి వాదరతోపాటు వెన్ను కూడా రవ్వంత అరుగుతుంది. చేసినవారు ఆ లెక్క చూసుకునే చేశారు, ఎందుకంటే వెడల్పు తగ్గుతున్న కొద్దీ మందం కూడా తగ్గుతూ వస్తే కోణం ఏళ్ల తరబడి దాదాపు అలాగే నిలుస్తుంది. ఎప్పుడూ టేపుతోనే నూరితే వాదర మాత్రమే అరిగి, వెన్ను అలాగే ఉండిపోయి, కోణం మెల్లమెల్లగా పెరుగుతుంది. అయితే సొంత గడ్డానికి మాత్రమే వాడే కత్తిని ఏడాదికి ఒకటి రెండుసార్లు రాయి మీద పెట్టేవారికి ఆ తేడా తెలియడానికి చాలా ఏళ్లు పడుతుంది కనుక దాని గురించి భయపడవలసిన పని లేదు.

మీ కత్తి సంగతి వేరు. వెన్ను మీద కనిపించే ఆ వెడల్పాటి మెరుపు, వెనకటి రోజుల్లో ఎవరో వెన్నును రాయికి అదిమి నూరారనడానికి గుర్తు. దుకాణంలో రోజంతా గడ్డాలు గీసిన కత్తికి అది సహజమే. వెర్నియర్ కాలిపర్‌తో రెండు కొలతలు తీయండి: మెరుపు ఉన్న చోట వెన్ను మందం ఒకటి, ఆ మెరుపు మధ్య నుంచి వాదర వరకు వెడల్పు మరొకటి. మందాన్ని 57తో గుణించి వెడల్పుతో భాగిస్తే కోణం డిగ్రీలలో ఇంచుమించు వస్తుంది. ఉదాహరణకు మందం 4 మిల్లీమీటర్లు, వెడల్పు 15 మిల్లీమీటర్లు అయితే కోణం 15 డిగ్రీల చిల్లర. ఇది తక్కువే, ఇంత పలుచని వాదర మొదట ఎంతో నునుపుగా గీసినా, బిరుసు గడ్డం మీద త్వరగా పెళుసుబారి పళ్లు రాలుతుంది. మామూలు కరెంటు టేపు ఒక పొర మందం సుమారు 0.15 మిల్లీమీటర్లు, అది రెండు వైపులా చేరితే 0.3 మిల్లీమీటర్లు. అంటే ఒక పొరతో ఆ కోణం ఇంచుమించు 16.3 డిగ్రీలకు, రెండు పొరలతో 17.5 డిగ్రీలకు చేరుతుంది. 16 నుంచి 19 వరకు హాయిగా పనిచేసే కోణమని నా అనుభవం. మీ కొలత 16 కంటే తక్కువ వస్తే టేపు వేయండి, 17 దాటితే వద్దు. వెన్ను మీద చెక్కడపు పనో బంగారు పూతో ఉన్న కత్తికి మాత్రం, కోణం ఎంతున్నా, నేనైతే టేపు లేకుండా రాయి తగలనివ్వను.

టేపు వేయడానికి ముందు వెన్ను మీది నూనెను గుడ్డతో పూర్తిగా తుడవాలి, లేకపోతే నీళ్లు తగలగానే టేపు జారుతుంది. ఒకే ముక్కను వెన్ను మీదుగా రెండు వైపులకూ మడవాలి. లాగి అతికిస్తే సాగి పలుచబడుతుంది, మొదట్లో ఒక మందం, చివర్లో ఒక మందం వస్తుంది. రాయి మారినప్పుడల్లా కొత్త ముక్క వేయడం మంచిది. 1000 నంబరు రాయి మీద టేపు చాలా త్వరగా అరుగుతుంది. అది చిరిగి జిగురు బయటపడితే రాయి మీద మచ్చలు పడతాయి, కోణమూ మారిపోతుంది. 1000 మీద వాదర ముంజేతి వెంట్రుకలను మొదటి నుంచి కొస వరకు ఒకే తీరుగా తెంపేదాకా 4000 జోలికి పోవద్దు. ఆ మెట్టు సరిగా దాటకపోతే పై రాళ్లు ఎంత ఖరీదైనవైనా ప్రయోజనం ఉండదు. నూరడం అయిపోగానే టేపు తీసేయాలి. తోలు పట్టీ మీద రుద్దేటప్పుడు టేపు అక్కర్లేదు. పైగా టేపు అడుగున తడి నిలిస్తే ఆ పాత ఉక్కు రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది కాబట్టి, ఆరబెట్టి కుట్టుమిషను నూనె ఒక చుక్క పూయండి.

ప్రశ్న: నేను మూడేళ్లుగా టేపుతోనే నూరుతున్నాను. ఇప్పుడు టేపు మానేయవచ్చా? (ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: మానేయవచ్చు, అయితే 8000 రాయి దగ్గర మానేస్తే కుదరదు. ఈ తప్పు నేనే చేశాను. 1000, 4000 రాళ్ల మీద టేపుతో నూరి, చివరి రాయి మీద టేపు ఎందుకులే అని తీసేసి గంటసేపు కూర్చున్నాను. గడ్డం మీద పెడితే కత్తి వెంట్రుకను కోయకుండా పీకింది. అప్పుడు నల్ల మార్కరు పెన్నుతో వాదర పొడవునా గీత గీసి, రాయి మీద నాలుగుసార్లు నడిపి, భూతద్దం పెట్టి చూశాను. వాదర పక్కన రాయి అరగదీసిన సన్నని ఏటవాలులో వెన్ను వైపు ఉన్న భాగాన సిరా పోయింది, సరిగ్గా వాదర చివరన మాత్రం సన్నని నల్లదారంలా మిగిలి ఉంది. టేపు తీయగానే కోణం చిన్నదై రాయి ఏటవాలు పైభాగాన్ని మాత్రమే తాకుతున్నదన్నమాట. ఆ గంటసేపూ వాదరకు రాయి తగలనే లేదు. కాబట్టి టేపు తీసేశాక 1000 రాయికి తిరిగివెళ్లి, సిరా కొస వరకు పోయేదాకా నూరి, అక్కడి నుంచి మళ్లీ పైకి రావాలి.

దీనికి ఎదురు దిశలో వెళితే తంటా లేదు. టేపు లేకుండా నూరిన కత్తికి చివరి రాయి మీద ఒక పొర వేసి పది పదిహేనుసార్లు నడిపితే, వాదర చివర సన్నని రెండో ఏటవాలు ఏర్పడుతుంది. ఎంత తంటాలు పడ్డా గీయనని మొరాయించే కత్తులను దారికి తేవడానికి నేను ఈ ఉపాయం వాడుతుంటాను.

ప్రశ్న: సైకిలు మీద సానచక్రం పెట్టుకొని వీధుల్లోకి వచ్చే వారికి ఇస్తే ఈ తంటా అంతా తప్పుతుంది కదా? (ఒక పాఠకురాలు, కాజీపేట)

జవాబు: వద్దమ్మా. చక్రం మీద నిప్పురవ్వలు లేచేటప్పుడు పలుచని వాదర క్షణంలో వేడెక్కుతుంది, ఉక్కు నీలిరంగుకు తిరిగిందంటే దాని బిగువు పోయినట్టే. అక్కడిదాకా అరగదీస్తే తప్ప ఆ కత్తి మళ్లీ పదును నిలుపుకోదు. చక్రం వెన్నును ఎలాగూ తాకదు కనుక కోణం కూడా ఆయన చేతి వాటం మీదే ఉంటుంది. కత్తెరలు, కత్తిపీటలు నిశ్చింతగా ఇవ్వండి.