లాగ్ బుక్‌లో సంతకం పెట్టే ముందు

చి. చిట్టితల్లికి,

పెద్దమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ఖమ్మంలోని నర్సింగ్ కాలేజీలో నీకు క్లినికల్ ఇన్‌స్ట్రక్టరుగా ఉద్యోగం వచ్చిందనీ, వచ్చే నెల నుంచి మూడో సెమిస్టరు పిల్లలను మెడికల్, సర్జికల్ వార్డులకు నువ్వే తీసుకువెళ్తావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో నా తరువాత ఈ వృత్తిలోకి వచ్చినదానివి నువ్వొక్కదానివే కనుక ఆ రోజంతా కనబడిన ప్రతివారికీ ఆ మాట చెప్పుకుని మురిసిపోయాను. అయితే మీ అమ్మ చెప్పిన రెండో మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. "మా ట్యూటర్లలాగా పిల్లల వెంటపడి ఊపిరాడకుండా చెయ్యను, వార్డులో వదిలేస్తేనే వాళ్ళకు ధైర్యం వస్తుంది" అన్నావట.

ఆ మాట నీ నోట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. మూడో ఏడాదిలో ఒక సాయంత్రం నువ్వు ఫోను చేసి ఏడ్చిన సంగతి నేను మరిచిపోలేదు. ఆడవాళ్ళ వార్డులో కాథెటర్ (మూత్రం బయటికి పోవడానికి పెట్టే గొట్టం) వెయ్యడానికి ట్రే సర్దుకుని, పేషెంటుకు చెప్పి ఒప్పించి, తెర లాగి, గ్లవ్స్ వేసుకున్నాక నీ చెయ్యి కొద్దిగా వణికిందని మీ మేడమ్ నిన్ను పక్కకు జరిపి తానే వేసింది. ఆ పోస్టింగు ముగిసేదాకా నీకు మళ్ళీ అవకాశం ఇవ్వలేదు, కానీ విద్యార్థికి ఏ ఏ పనులు వచ్చునో ట్యూటరు సంతకం పెట్టే ఆ లాగ్ బుక్‌లో మాత్రం ఆ ప్రొసీజరు ఎదుట సంతకం పడింది. ఉద్యోగంలో చేరిన తరువాత ఒక నైట్ డ్యూటీలో, పక్కన చెప్పేవాళ్ళెవరూ లేని వేళ, నీ చేత్తో మొదటి కాథెటర్ వెయ్యవలసి వచ్చింది. నీకు జరిగింది అన్యాయమే. చేయనివ్వకుండా కాపాడిన విద్యార్థిని మనం నిజంగా కాపాడినట్టు కాదు, ఆమె భయాన్ని వాయిదా వేసినట్టే. అంతమాత్రాన దానికి విరుగుడు వదిలెయ్యడం అని నువ్వు అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. మన ఊళ్ళో మీ తాతయ్య పిల్లలకు మోటబావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు కట్టిన సొరబుర్రను కొన్నాళ్ళకు తీసేసేవారు కానీ, గట్టు మీద నుంచి మాత్రం లేచి వెళ్ళేవారు కాదు. నేను చెప్పదలచుకున్నది ఆ గట్టు గురించే.

ఇప్పుడు చెప్పబోయేది నేను ట్రైనింగులో ఉన్నప్పుడు, 1980ల మొదట్లో, మా బ్యాచి అమ్మాయి ఒకామెకు జరిగినది. ఆసుపత్రి పేరు, ఆమె పేరు నీకు అనవసరం. సాయంత్రం షిఫ్టు, వార్డు నిండా పేషెంట్లు, నేల మీద కూడా పరుపులు, స్టాఫ్ నర్సు ఒక్కతే. మా ట్యూటరు ఉదయం వచ్చి హాజరు తీసుకుని వెళ్ళిపోయేది, సాయంత్రాలు వచ్చేది కాదు. ఆ సిస్టర్ ఒక పక్క ఆపరేషన్ నుంచి వచ్చిన కేసు చూసుకుంటూ, ఆరు గంటల ఆంపిసిలిన్ ఇంజక్షన్లు ఇచ్చెయ్యమని మా అమ్మాయికి చెప్పింది. వయల్ అనే చిన్న మందు సీసాలోని పొడిని డిస్టిల్డ్ వాటర్‌తో కరిగించి నరానికి ఇవ్వాలి. ట్రేలో డిస్టిల్డ్ వాటర్ యాంపూళ్ళతో (మూతి విరిచి వాడే చిన్న గొట్టాలతో) పాటు, ఎవరో పొద్దున్న వాడగా మిగిలిన పొటాషియం క్లోరైడ్ యాంపూలు ఒకటి కలిసిపోయి ఉంది. రెండూ గాజువే, రెండూ పది మిల్లీలీటర్లవే, లోపల రెండూ నీళ్ళలాగే ఉంటాయి.

ఆమె ఆ యాంపూలును చేతిలోకి తీసుకున్నప్పుడు అక్షరాలు వేరుగా ఉన్నట్టు అనిపించిందట. అడుగుదామని సిస్టర్ కూర్చునే బల్ల వైపు సగం దూరం నడిచిందట కూడా. కానీ అంతకు రెండు రోజుల ముందే ఏదో మోతాదు గురించి అడిగితే, పేషెంట్ల ముందు, వాళ్ళ తాలూకు మనుషుల ముందు, "రెండో సంవత్సరం వచ్చి కూడా ఇది తెలియదా" అని ఆ సిస్టరే గట్టిగా మందలించింది. ఆ మాట గుర్తుకు వచ్చి వెనక్కి తిరిగింది. పొడి కరిగించింది, సిరంజిలోకి తీసింది, మంచం దగ్గరికి వెళ్ళింది. మందు లోపలికి పోవడం మొదలు కాగానే ఆ పేషెంటు, పొలం పని చేసుకునే మనిషి, చెయ్యంతా నిప్పు పెట్టినట్టు మండుతోందని కేక వేసి చెయ్యి లాక్కున్నాడు. పక్క మంచం దగ్గర ఉన్న హౌస్ సర్జన్ పరుగున వచ్చి, కిడ్నీ ట్రేలోని ఖాళీ యాంపూలు చదివి, మిగిలింది ఆపించాడు. లోపలికి పోయింది కొద్దిగానే కాబట్టి ఆ మనిషి బ్రతికాడు. ఇప్పుడు మన దగ్గర దొరికే 15 శాతం పొటాషియం క్లోరైడ్ పది మిల్లీలీటర్ల యాంపూలులో ఒకటిన్నర గ్రాముల మందు ఉంటుంది. సెలైన్ సీసాలో బాగా కలిపి గంటల తరబడి ఎక్కించవలసినదాన్ని ఒక్కసారిగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. దీన్ని నీకు నేను బోధించనవసరం లేదు, కానీ రాసేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఆగింది.

ఆ తరువాత విచారణ జరిగింది. తాను ఆ అమ్మాయికి నరం ఇంజక్షన్ చెయ్యమని చెప్పలేదని సిస్టర్ అన్నది. ట్యూటరు లాగ్ బుక్ తెప్పించి చూపించింది: నరం ద్వారా ఇంజక్షన్ ఇవ్వడం ఆమెకు వచ్చునని అందులో సంతకం ఉంది. ఆ సంతకం నెలాఖరున మా అందరి పుస్తకాలూ ఒకేచోట కుప్పగా పెట్టి పెట్టినది. నా పుస్తకంలోనూ అదే రోజు, అదే సిరాతో పడింది. ఆమె ఒక్క నరం ఇంజక్షన్ చేస్తుండగా కూడా ట్యూటరు పక్కన నిలబడి చూడలేదు. తప్పు అంతా ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల మీద పడింది. ఆమె నెల తిరగకుండానే ట్రైనింగు మానేసి ఊరికి వెళ్ళిపోయింది. మా బ్యాచిలో పేషెంటుకు నోరు శుభ్రం చేయడం, మంచం పుండ్లకు డ్రెస్సింగు చేయడం ఆమె అంత ఓపికగా చేసినవాళ్ళు లేరు. ఆ పిల్ల మంచి నర్సు అయ్యేది, తల్లీ.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేషెంటు భద్రత కోసం ప్రకటించిన తొమ్మిది పరిష్కారాలలో ఇటువంటి గాఢమైన లవణ ద్రావణాలను అదుపులో ఉంచడం ఒకటి అని చదివినప్పుడు నాకు ఆ ట్రేయే కళ్ళ ముందు మెదిలింది. కాబట్టి నువ్వు వార్డులో అడుగుపెట్టిన మొదటి రోజునే ఇన్‌ఛార్జి సిస్టర్‌ను మర్యాదగా అడిగి, పొటాషియం క్లోరైడ్ ఎక్కడ పెడుతున్నారో చూడు. డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పెడుతుంటే వేరు చేయించు. ఇప్పుడు రెండూ ప్లాస్టిక్ యాంపూళ్ళలో వస్తున్నాయి, పోలిక ఏమీ తగ్గలేదు.

అంతకంటే ముఖ్యం, నిన్ను అడగడానికి వచ్చిన పిల్లను ఎప్పుడూ, ఎంత చిన్న సందేహానికైనా, పదిమందిలో చిన్నబుచ్చకు. నీకు కోపం త్వరగా వస్తుంది, అది నాకు తెలుసు. మీ అమ్మకూ అంతే. కానీ క్లినికల్ ఫీల్డులో కోప్పడే ట్యూటరు దగ్గర పిల్లలు జాగ్రత్త నేర్చుకోరు, దాచడం నేర్చుకుంటారు. పదిసార్లు అడిగిన పిల్ల గురించి నాకు ఎప్పుడూ భయం లేదు. వారం రోజులుగా ఒక్క సందేహమూ అడగని పిల్ల దగ్గరికి మాత్రం నువ్వే వెళ్ళి నిలబడు. ట్రాలీ దగ్గర, సిరంజి చేతికి తీసుకోకముందే, ఈ మందు ఎందుకు ఇస్తున్నావు, ఇస్తున్నప్పుడు ఏం కనిపిస్తే ఆపేస్తావు, ఆపి ఎవరిని పిలుస్తావు అని నెమ్మదిగా అడుగు. జవాబు రాకపోతే ఆ ప్రొసీజరు ఆ రోజుకు నీతో కలిసి చెయ్యమను, శిక్షలాగా కాకుండా.

ఇక సంతకం మాట. 2021లో నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన సెమిస్టరు సిలబస్‌లో దీనికి స్పష్టమైన కొలత ఉంది. పక్కన ఒకరు ఉన్నా చేయలేకపోతే మొదటి స్థాయి, పర్యవేక్షణలో చేయగలిగితే రెండో స్థాయి, పర్యవేక్షణ లేకుండా చేయగలిగితే మూడో స్థాయి. ఆ మూడో స్థాయికి వచ్చిన తరువాతే లాగ్ బుక్‌లో సంతకం చెయ్యాలి. అంటే నీ సంతకం, ఈ అమ్మాయిని ఈ పని దగ్గర ఒంటరిగా వదలవచ్చు అని పేషెంటుకు నువ్వు ఇస్తున్న మాట. పరీక్షలకు ముందు పుస్తకాలు కుప్పలుగా వస్తాయి, ప్రిన్సిపాలు తొందరపెడతారు, పిల్లలు కూడా బతిమాలతారు. నువ్వు చూడనిదానికి సంతకం పెట్టకు. చూసిన రోజునే, చూసిన చోటనే పెట్టు. ఒక పిల్లకు లావుపాటి నరాలున్న కుర్రవాడి చేతికి క్యాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) పెట్టడం వచ్చినంత మాత్రాన, రక్తపోటు పడిపోయి షాక్‌లో ఉన్న ముసలమ్మ చేతికి పెట్టడం వచ్చినట్టు కాదన్న సంగతి కూడా మనసులో ఉంచుకో.

స్వతంత్రం అన్నది సంవత్సరాన్ని బట్టి కాకుండా పనిని బట్టి, పిల్లను బట్టి ఇవ్వవలసినది. పక్క సర్దడం, స్పాంజి బాత్, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఉష్ణోగ్రత, నాడి, శ్వాస లెక్కపెట్టడం ఒకటి రెండు సార్లు చూసి వదిలెయ్యి. కాకపోతే శ్వాసను నిండు నిమిషం లెక్కపెట్టకుండా అంకె వేసేసే అలవాటు మొదటి వారంలోనే పట్టుకో. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబులో పాలు పోయడం, ట్యూబు సరైన చోట ఉన్నదో లేదో ఎలా చూశావని అడిగి, నీ ముందు చేసి చూపించాకే. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, పొటాషియం, రక్తం ఎక్కించడం మాత్రం ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా సరే రెండో జత కళ్ళు లేకుండా వద్దు. మన దగ్గర ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. ఎర్రమూత సిరంజి 40కి, నారింజరంగు మూతది 100కి. 100 దాన్ని 40 సిరంజిలో తీస్తే రెండున్నర రెట్లు మోతాదు పోతుంది. ఆ పేషెంటుకు తెల్లవారుజామున రక్తంలో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి స్పృహ తప్పితే కారణం ఎవరికీ తట్టదు. రక్తం ఎక్కించినప్పుడు మొదటి పదిహేను నిమిషాలూ విద్యార్థిని మంచం పక్కనే ఉండాలి, నువ్వు ఆ వార్డులోనే ఉండాలి.

పదిమంది విద్యార్థులకు ఒక టీచరు, ఒక్కో విద్యార్థికి ముగ్గురు పేషెంట్లు అని కౌన్సిల్ లెక్క. కాలేజీ నీకు అంతకంటే ఎక్కువమందిని అప్పగిస్తే, వాళ్ళను నాలుగు అంతస్తుల్లో చెదరగొట్టి నువ్వు మెట్ల మీద తిరుగుతూ ఉండకు. ప్రొసీజర్లు ఉన్నవాళ్ళను నీ చూపు పడే ఒకే వార్డులో ఉంచి, మిగిలినవారికి కేస్ స్టడీ, హెల్త్ టాక్ వంటివి ఇవ్వు. స్టాఫ్ తక్కువగా ఉన్న వార్డుల్లో పిల్లలను ల్యాబుకు శాంపిళ్ళతో, ఫార్మసీకి ఇండెంటుతో (కావలసిన మందుల చీటీతో) పంపుతూ ఉంటారు. అప్పుడప్పుడూ అయితే సాయమే, రోజంతా అయితే వాళ్ళ చదువు పోయినట్టే. సిస్టర్లతో తగవు పెట్టుకోకు. వాళ్ళ మీద ఎంత భారం ఉందో నాకంటే ఎవరికి తెలుసు. ఉదయం ఒక షిఫ్టు వాళ్ళు మరో షిఫ్టుకు పేషెంట్లను అప్పగించే హ్యాండోవర్‌కే వెళ్ళి నిలబడి, ఏ పిల్లకు ఏ పేషెంటు, ఎవరు ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అన్నది వాళ్ళకు చెప్పేస్తే సగం చిక్కులు ఉండవు. పేషెంటుకు కూడా, చేస్తున్నది విద్యార్థిని అనీ, పక్కన నువ్వు ఉన్నావనీ చెప్పు. వద్దంటే ఆ మాట గౌరవించు.

ఇంత రాశాక నువ్వు నవ్వుతూ, పెద్దమ్మా, నువ్వు కూడా మా మేడమ్ లాగే చెబుతున్నావు అంటావేమో. లేదమ్మా. చెయ్యి వణికిన పిల్ల ట్రే నువ్వు లాక్కోకు. పేషెంటుకు హాని లేనంతవరకు నీ చేతులు వెనక్కి కట్టుకుని, ఆమె తడబడి సర్దుకునే ఆ అర నిమిషం ఓర్చుకో. స్టెరిలిటీ పోతే (క్రిములు లేకుండా ఉంచిన వస్తువు దేనికైనా తగిలితే) ఆపి, కొత్త ట్రేతో మళ్ళీ ఆమె చేతే చేయించు. ఆ తరువాత వారం, నువ్వు మంచం పక్కన కాకుండా తెర బయట నిలబడు. ఆపైన వార్డు బల్ల దగ్గర ఉండి, చేసి వచ్చి నాకు చెప్పమను. రిజిస్ట్రేషన్ చేతికి వచ్చే నాటికి ఆ పిల్ల ఒంటరిగా చేసిన అనుభవం కొంతైనా ఉండాలి, లేకపోతే నీకు ఆ నైట్ డ్యూటీలో జరిగినదే ఆమెకూ జరుగుతుంది. నీకు ఎవరూ ఇవ్వనిది నువ్వు ఇవ్వాలనుకోవడం నీ మంచితనం. అది నీలో చిన్నప్పటి నుంచీ ఉంది, అందుకే నాకు నీ మీద ఇంత ఆశ.

చివరగా సూది గుచ్చుకోవడం గురించి. వాడిన సూదికి మూత పెట్టవద్దని మొదటి రోజే చెప్పు. గుచ్చుకుంటే ఎవరినీ తిట్టనని కూడా అదే రోజు చెప్పు. తిడతావన్న భయంతో ఒక పిల్ల దాచిపెడితే, హెచ్.ఐ.వి. నివారణ మందులు మొదలుపెట్టవలసిన సమయం దాటిపోతుంది. రెండు గంటల్లోపు మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. పోస్టింగుకు ముందే అందరూ హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తి చేశారా అని కార్డులు చూడు. ఆరో నెలలో వేసుకోవలసిన మూడో డోసు నువ్వు చదువుకునే రోజుల్లో పరీక్షల హడావుడిలో మానేశావని మీ అమ్మ అప్పట్లో నాతో అన్నది. అది ఇప్పటికీ మిగిలి ఉంటే, ఉద్యోగంలో చేరకముందే ఈ వారంలోనే వేయించుకుని నాకు ఫోను చెయ్యి.

ఇట్లు,
నీ పెద్దమ్మ