ఏ పనికి ఎక్కడికి పోవాలె?

ప్రశ్న: మా కల్వకుర్తి గ్రంథాలయంలో ఆఫీసులు, సంఘాల చిరునామాల పుస్తకం పెట్టాలనుకుంటున్నాం. పాత జాబితా ఒకటి ఉంది కానీ చాలావరకు తప్పులే. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: పుస్తకం వద్దండి, కార్డులు పెట్టండి. కుట్టిన పుస్తకంలో చిరునామా మారితే కొట్టివేయాల్సిందే. నాలుగు కొట్టివేతలు కనబడ్డాక మిగతా పేజీలనూ ఎవరూ నమ్మరు. పాత కేటలాగు కార్డు సైజు, 12.5 × 7.5 సెంటీమీటర్లు, ఒక సేవకు ఒకటి చాలు.

మీ వైపు తప్పులకు పెద్ద కారణం జిల్లాల విభజన. 2016 అక్టోబర్ 11న కల్వకుర్తి, వెల్దండ నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చాయి. ఆమనగల్లు, మాడ్గుల, తలకొండపల్లి రంగారెడ్డిలోకి పోయాయి. పాత జాబితాల్లో అందరికీ మహబూబ్‌నగరే. మీ గ్రంథాలయానికి ఈ రెండు జిల్లాలవాళ్లూ వస్తారు కనుక జిల్లా ఆఫీసు ఏదైనా రెండు కార్డులు రాయండి, పైమూలన మండలాల పేర్లు వేయండి. ఇది చేయకపోతే ముసలామె ఒకరు బస్సు చార్జీ పెట్టుకొని వేరే జిల్లా ఆఫీసుకు పోయి ఉత్త చేతుల్తో తిరిగొస్తుంది.

శీర్షికలో ఆఫీసు పేరు కాదు, మనిషి అవసరం రాయాలి. ‘జిల్లా న్యాయ సేవాధికార సంస్థ’ అని వెతుక్కుంటూ ఎవరూ రారు. ‘ఫీజు లేకుండా వకీలు కావాలంటే’ అని రాసి, కింద కోర్టు ఆవరణలోని ఆఫీసు, 15100 నంబరు ఇవ్వండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయ పరిమితి లేదన్న మాట తప్పక చేర్చండి. అది తెలియకనే చాలామంది ఆగిపోతారు. ‘కొడుకులు చూడకపోతే’ అన్న కార్డులో తల్లిదండ్రుల పోషణకు వచ్చిన 2007 చట్టం కింద ఆర్డీవోకు అర్జీ, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. మహిళలకు 181, పిల్లలకు 1098, ఫోన్‌లో డబ్బు పోతే వెంటనే 1930: ఈ మూడూ, పైన చెప్పిన 14567 కూడా పెద్ద అక్షరాలతో గోడకూ అంటించండి.

తీసుకుపోవాల్సిన కాగితాలు, ఏ రోజు ఏ వేళ, బస్టాండు నుంచి ఎటు పోవాలి అన్నవి ప్రతి కార్డులో ఉండాలి. అడుగున ‘సరిచూసిన తేదీ’ పెన్సిల్‌తో. మూడు నెలలకోసారి ఫోన్ చేసి అడగండి; రెండుసార్లు ఎత్తకపోతే మనిషిని పంపండి, అప్పటిదాకా కార్డు బయట పెట్టొద్దు.

ప్రశ్న: రక్తదాతల ఫోన్ నంబర్లు కూడా పెట్టవచ్చా?

జవాబు: వద్దు. నంబర్లు మారిపోతాయి, ఊర్లో లేనివాళ్లకు అర్ధరాత్రి ఫోన్లు పోతాయి. పైగా ఒకసారి ఇచ్చినవారు మగవారైతే మూడు నెలలు, ఆడవారైతే నాలుగు నెలలు ఆగాలి. ఆ లెక్క బ్లడ్ బ్యాంకు దగ్గరే ఉంటుంది, దాని నంబరే రాయండి. సంఘాల కార్డుల్లో కూడా సొంత సెల్ నంబరు వేయాలంటే ఆ మనిషి సంతకం తీసుకోండి.