జింకాకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దక్షిణ ఇథియోపియాలోని జింకాలో నీకు అధ్యాపకుడి ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పేరు వినగానే ఆమెకు లేడి గుర్తొచ్చిందట. మన జింకకూ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు. అక్కడ మూడేళ్లు ఉన్నవాడిగా ఈ మాటలు రాస్తున్నాను.

ఆ ఊరిని పర్యాటకుల కళ్లతో చూడవద్దు. వాళ్లు జింకాలో ఒక రాత్రి బస చేసి, తెల్లవారగానే కింది పెదవికి మట్టి బిళ్లలు పెట్టుకునే ముర్సి స్త్రీల ఫొటోల కోసం మాగో పార్కు వైపు జీపుల్లో పరుగెడతారు. ఆ తొందరలో, ఊరి చుట్టూ కొండవాలుల్లో సేద్యం చేసుకునే ఆరి ప్రజలు వారి కంట పడనే పడరు. నీ ఇరుగుపొరుగువారిలో, నీకు కూరలమ్మేవారిలో చాలామంది వీరే. ఆరివారి పెరట్లో అరటిలా కనిపించే చెట్టుకు గెల కోసం వెతకవద్దు (నేను వెతికి నవ్వులపాలయ్యాను). అది ఎన్‌సెట్, దాని కాండాన్నీ దుంపనూ గోకి, పులియబెట్టి, ఆ ముద్దతో రొట్టె కాలుస్తారు.

శనివారం సంతకు ఆరి, బన్నా, ముర్సి, బోది ప్రజలు వస్తారు. బన్నావారికీ, హమర్ అనే మరో తెగవారికీ భాష ఒకటే కాని, ముర్సివారి మాట పూర్తిగా వేరు. అందరినీ కలిపేది అమ్హారిక్, కాబట్టి ముందు అది నేర్చుకో. అయితే తరగతిలో ఎవరినీ "మీరు ఏ జాతివారు?" అని అడగకు. జాతుల, భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడిన ఆ దేశంలో అది రాజకీయపు ప్రశ్న అవుతుంది. కాఫీకి పిలిస్తే మాత్రం వెళ్లు, మూడు విడతలూ తాగేదాకా లేవకు. అడగకుండానే అన్నీ చెబుతారు.

గడియారం సంగతి మరిచిపోకు. అక్కడ పగటి లెక్క ఉదయం 6 గంటలకు మొదలవుతుంది కనుక, మన 7 గంటలు వారికి 1 గంట. ఒక పెద్దాయన 3 గంటలకు భోజనానికి రమ్మంటే నేను మధ్యాహ్నం వెళ్లాను. ఆయన ఉదయం 9 నుంచి ఎదురుచూస్తున్నాడు.

శాకాహారం దొరకదని మీ అమ్మ దిగులుపడుతోంది. ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు ముట్టరు కనుక ఆ రోజుల్లో హోటళ్లలో శనగపిండితో చేసే షిరో కూర, టెఫ్ అనే చిరుధాన్యం పిండితో పోసిన పుల్లటి ఇంజెరా అట్టు దొరుకుతాయి. మిగతా రోజులకు ఒక కుక్కరూ, రెండు కిలోల ఆవకాయా పెట్టుకో. ఇంజెరాలోకి ఆవకాయ బాగుంటుంది.

మీ మామయ్య